గోడలను కదిపే రంగులు

నా పని నాటకాల తెరల దగ్గర మొదలైంది. అడవి తెర, అంతఃపురం తెర, వీధి తెర వేసే మా మేనమామ దగ్గర రంగులు కలపడం నేర్చుకున్నాను. ఆ తర్వాత ఇళ్లు, దుకాణాలు, బడులు, ఆసుపత్రి వసారాలు. బల్లపరుపుగా వేలాడే గుడ్డలో కోసు దూరం చూపించే విద్యే ఇటుక గోడ మీదా పనికొస్తుంది. ఇప్పుడు ఇంటీరియర్ డిజైన్ చదివే పిల్లలు, రంగుల కాంట్రాక్టులు పట్టే కుర్రాళ్లు ఇంటికొచ్చి అడుగుతుంటారు: “బాబాయ్, ఈ గదికి ఏ రంగు బాగుంటుంది?” నేను తిరిగి అడిగేది ఒకటే: “ఈ గదిని ఏం చేద్దామనుకుంటున్నావు నాయనా? దగ్గరికి లాగాలా, దూరం జరపాలా, రెండుగా విడగొట్టాలా, ఉన్న గోడను లేనట్టు చెయ్యాలా?”

ఈ మధ్య ముదురు రంగంటే మనవాళ్లకు భయం పట్టుకుంది. ఏ అపార్ట్‌మెంట్ తలుపు తీసినా గంధం రంగో బూడిద రంగో ఎదురొస్తోంది. గాఢమైన రంగు చోటును మింగేస్తుందని అనుకుంటున్నారు. ఎక్కడ వెయ్యాలో తెలిస్తే అది చోటును తయారుచేస్తుంది. ఆ భయం కొంతైనా పోవాలని ఈ పాఠాలు రాస్తున్నాను.

1. చూపు ఎక్కడ ఆగాలో ముందు తేల్చుకో

పాత పేటల్లో రైలుపెట్టె ఇళ్లుంటాయి. వీధి గుమ్మంలో నిలబడితే పెరటి తలుపు దాకా ఒకటే చూపు. వెడల్పు తక్కువ, పొడుగు ఎక్కువ. ఇలాంటి ఇంట్లో నాలుగు వైపులా లేత రంగు వేస్తే గది పెద్దదవదు, సొరంగం తెల్లబడుతుంది, అంతే. పక్క గోడలు రెండూ లేతగా ఉంచి, చిట్టచివరి గోడకు ఇటుక ఎరుపో ముదురు సిందూరమో వేసి చూడండి. ఆ గోడ నాలుగడుగులు ముందుకొచ్చినట్టు ఉంటుంది. పొడుగు తగ్గుతుంది. దాంతో వెడల్పు పెరిగినట్టు తోస్తుంది. ఇటుక ఒక్కటీ కదల్లేదు.

వెడల్పెక్కువై లోతు తక్కువైన గదికి దీన్ని తిరగేయాలి. ఎదురు గోడ లేతగా, చల్లగా. పక్క గోడల్లో ఒకటి గట్టిగా. దుకాణానికైతే నా సలహా ఎప్పుడూ ఒకటే: బోర్డుకు పెట్టే ఖర్చులో పదోవంతు గల్లాపెట్టె వెనక గోడకు పెట్టండి. రోడ్డు మీద పోయేవాడి చూపు ఆ ఒక్క గోడ పట్టుకుని లోపలికి వస్తుంది. చూపు వచ్చాక కాలు రావడం తేలిక.

చూపు ఆగకూడని చోట కూడా రంగే పని చేస్తుంది. గది మధ్యలో అడ్డంగా వేలాడే దూలం ఉందనుకోండి. చాలామంది దాన్ని “హైలైట్” చేద్దామంటారు. అందంగా లేనిదాన్ని ఎత్తి చూపించడం దేనికి? కప్పు రంగే దూలానికీ వేస్తే అది కప్పులో కలిసిపోతుంది.

2. ఎరుపు ముందుకొస్తుంది, నీలం వెనక్కి పోతుంది అనేది సగం నిజం

ఈ మాట డ్రాయింగ్ క్లాసులో మొదటి రోజే చెబుతారు. దానికి కంటిలోనే ఒక కారణం ఉంది. కంటి కటకం ఒక్కో రంగు కాంతిని ఒక్కోలా వంచుతుంది. ఎరుపు, నీలం రెండూ ఒకే చోట ఒకేసారి కుదురుగా నిలవవు. నల్ల కాగితం మీద మెరిసే ఎరుపుతో ఒక గీత, దాని పక్కన మెరిసే నీలంతో ఒక గీత గీసి చూడండి. చాలామందికి ఎర్ర గీత కాగితం పైకి లేచినట్టు కనిపిస్తుంది. కొందరికి మాత్రం నీలమే పైకి తేలుతుంది. అందుకే దీన్ని శాసనంలా పట్టుకోకూడదంటాను.

తెర పనిలో తెలిసేది ఇంకొకటి. దూరపు కొండను నీలంగా వేస్తాం. నిజంగానే మధ్యలో ఉన్న గాలి నీలాన్ని చెదరగొట్టి కొండ మీద కప్పుతుంది. అయితే ఆ కొండను దూరం తోసేది నీలం ఒక్కటే కాదు. అది లేతబడింది, గాఢత తగ్గింది, వెలుగుకీ నీడకీ తేడా పోయింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ నాటకంతో మొదలైన సురభి వాళ్ల రంగస్థలం చూసినవాళ్లకు తెలుసు, తెర మీది స్తంభాలు, పూలకుండీలు, పట్టు పరదాలు ఎంత కొట్టొచ్చినట్టు ఉంటాయో. ముందుండాల్సినవాటిని గాఢంగా, వాటి వెనకవి ఒక మెట్టు తగ్గించి, ఆకాశం మరీ తగ్గించి వేస్తే నాలుగు గజాల వేదిక నగరమవుతుంది.

కాబట్టి రంగు పేరు ఒక్కటే చూడొద్దు. ఎంత వెలుగుంది, ఎంత గాఢంగా ఉంది అన్నవి కూడా చూడాలి. పాలిపోయిన గులాబీ రంగు గోడల మధ్య మండిపోయే నీలం తలుపు పెడితే ముందుకొచ్చేది నీలమే.

3. ఏ రంగూ ఒంటరిగా కాపురం చెయ్యదు

పారిస్‌లో గోబెలిన్ అని రాజులకాలం నాటి తివాచీల కార్ఖానా ఉంది. 1824లో అక్కడి అద్దకం పనికి షెవ్రుల్ అనే రసాయన శాస్త్రవేత్త అధిపతిగా వచ్చాడు. నల్లదారం సరిగా నల్లగా లేదని ఫిర్యాదు వస్తే అద్దకం పరీక్షించాడు. అద్దకంలో లోపం దొరకలేదు. నల్లదారం పక్కన నేసిన రంగులు దాన్ని వెలవెలబోయేలా చేస్తున్నాయని తేల్చాడు. పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో వివరిస్తూ 1839లో పెద్ద పుస్తకమే వేశాడు. వందేళ్ల పైచిలుకు గడిచాక, అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన జోసెఫ్ ఆల్బర్స్ 1963లో తెచ్చిన పుస్తకంలో ఇదే విషయాన్ని కాగితం ముక్కలతో చేయించాడు. ఒకే ముక్కను రెండు వేర్వేరు రంగుల మీద పెడితే అది రెండు రంగుల్లా కనిపిస్తుంది. చూసినవాళ్లు నమ్మలేక ముక్కను చేత్తో పట్టుకుని తిప్పి చూస్తారు.

మన ఆడవాళ్లకు ఈ పాఠం చెప్పనక్కర్లేదు. గద్వాల చీర కొట్లో కూర్చుని, “ఈ ఆవపువ్వు రంగుకి ఆ ఆకుపచ్చ అంచైతే లేస్తుందమ్మా, ఈ కాఫీ రంగు అంచైతే చంపేస్తుంది” అనే మాట ఎన్నిసార్లు వినలేదు? ఒంటి రంగుకీ అంచు రంగుకీ మధ్య నేతగాడు సన్నటి జరీ గీత వేస్తాడు. గట్టి ఎరుపు, గట్టి ఆకుపచ్చ నేరుగా ఒరుసుకుంటే వాటి హద్దు దగ్గర కన్ను అదురుతుంది. జరీ ఆ అదురును ఆపుతుంది. గోడల మీదా అంతే. ఎరుపు గోడా ఆకుపచ్చ గోడా కలిసే మూలలో బొటనవేలి వెడల్పున తెల్లటి పట్టీ, లేదంటే చెక్క బద్దీ. అది లేకపోతే ఆ గదిలో గంటసేపు కూర్చున్నవాడికి తలనొప్పి తప్పదు.

బూడిద రంగు గోడకు నారింజ రంగు సోఫా వేస్తే గోడలోకి నీలం జీర వస్తుంది. అదే గోడ పక్కన నీలం పరదా కడితే గోడ గోధుమ వైపు తిరుగుతుంది. ఇంటివాళ్లు వచ్చి, “మేము అడిగిన రంగు వెయ్యలేదు” అంటారు. ముందు సామాను చూడు, తర్వాత డబ్బా తెరువు.

4. అగ్గిపెట్టెంత నమూనా నమ్మొద్దు

మామిడిపండు రంగు అడిగిన ఒక ఇల్లు గుర్తుంది. రెండో కోటు ఆరేసరికి ఇంటావిడ గుమ్మంలోనే నిలబడిపోయింది.

“మేస్త్రీ, కార్డులో చూపించింది ఇది కాదు కదా?”

“అదేనమ్మా. డబ్బా మీద నంబరు చూసుకోండి.”

“మరి ఇంత మంటలా ఉందేంటి?”

“నాలుగు గోడలూ ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి కదమ్మా, అందుకు.”

ఆ మేస్త్రీ చదువుకున్నది తక్కువే గానీ, చెప్పింది అక్షరాలా భౌతికశాస్త్రం. ఒక పసుపు గోడ మీద పడి లేచిన కాంతి పసుపుగా మారి ఎదురు గోడ మీద పడుతుంది. అక్కడ లేచి మళ్లీ ఇటు వస్తుంది. ప్రతి విడతలోనూ పసుపు మిగిలి, తక్కినవి తగ్గుతూ పోతాయి. కార్డులో ఉన్న రంగు గదిలో రెండాకులు ఎక్కువ చదువుతుంది. గది నిండా వెయ్యాలంటే కార్డులో నచ్చినదానికంటే ఒకటి రెండు మెట్లు తక్కువ గాఢతది తీసుకోవాలి. నచ్చిన గాఢతే కావాలంటే ఒక్క గోడకు వేసి, దాని ఎదురు గోడ తెల్లగా వదలాలి. ఆ ఇంట్లో చివరికి చేసింది అదే. కిటికీ ఎదురుగా ఉన్న గోడకు మామిడిపండు రంగు ఉంచి, తక్కిన మూడింటికీ పాల తెలుపు వేశారు. తెల్ల గోడలు కూడా లేత పసుపు కాంతి పట్టుకున్నాయి. ఆవిడ మొదట అడిగిన గది అదే.

ప్లైవుడ్ ముక్క మూడడుగులూ నాలుగడుగులూ ఉన్నది తీసుకుని, లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టి, రెండు కోట్లు వెయ్యండి. దాన్ని గది మూలలో నిలబెట్టి పొద్దున, మిట్టమధ్యాహ్నం, దీపాలు వేశాక చూడండి. సందెవేళ తప్పకుండా చూడాలి. చెక్ దేశపు శాస్త్రవేత్త పుర్కిన్యే రెండు వందల ఏళ్ల క్రితమే గమనించాడు: వెలుగు తగ్గేకొద్దీ కంటికి ఎరుపులు నల్లబడతాయి, నీలాలూ ఆకుపచ్చలూ వెలిగినట్టవుతాయి. పగలు ఠీవిగా ఉన్న కుంకుమ రంగు అరుగు దీపం పెట్టేవేళకు చీకటి గుంటలా ఉంటుంది. దాని పక్క నీలం తలుపు మాత్రం మెరుస్తుంటుంది. సాయంత్రం పూట కూర్చునే వసారాకు రంగు ఎంచేటప్పుడు ఈ లెక్క తప్పనిసరి.

దీపం గురించి ఒక్క మాట. 2700, 3000 కెల్విన్ ఎల్‌ఈడీ కింద ఎరుపులు, పసుపులు పొంగుతాయి, నీలాలు మడ్డిబారతాయి. 6500 కెల్విన్ తెల్లదీపం కింద దీనికి రివర్సు. డబ్బా కొనకముందే దీపం ఏదో తేల్చుకోండి.

5. రంగును మూల దగ్గర ఆపుతావా, మూల తిప్పుతావా?

రంగు సరిగ్గా మూల దగ్గర ఆగితే ఆ గోడ ఒక విడి పలకలా నిలబడుతుంది. మూల దాటి పక్క గోడ మీదికి రెండడుగులు తిరిగితే మూల కరిగిపోతుంది, ఆ చోటు గూడులా మారుతుంది. పెద్ద హాలులో చదువుకునే మూల కావాలనుకున్న ఇంట్లో అడ్డగోడ కట్టించనివ్వను. రెండు గోడలనూ కప్పులో కొంత భాగాన్నీ కలిపి ఒకే ముదురు ఆకుపచ్చతో చుట్టేస్తాను. గీత మాస్కింగ్ టేపుతో కత్తిలా రావాలి. బల్ల, కుర్చీ ఆ రంగు లోపల పడతాయి. పిల్లవాడు అందులోకి వెళ్లి కూర్చుంటే వేరే గదిలోకి వెళ్లినట్టే.

మొదటి పద్ధతిని చివరంటా తీసుకెళ్లిన ఇల్లు నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో ఉంది. ట్రూస్ ష్రోడర్ అనే ఆవిడ కోసం వాస్తుశిల్పి హెరిట్ రీట్‌వెల్డ్ 1924లో కట్టాడు. పైఅంతస్తులో గోడలు జరుగుతాయి. పగలు ఒకటే పెద్ద గది, రాత్రి గోడలను అడ్డంగా లాగితే పడకగదులు. ఎరుపు, నీలం, పసుపు, వాటి మధ్య తెలుపు, బూడిద, నలుపు. నేలను కూడా రంగుల పలకలుగా విడగొట్టాడు. గోడలు పక్కకు తోసేశాక కూడా ఎవరి చోటు ఏదో నేల మీది రంగే చెబుతుంది. అది 2000 నుంచి యునెస్కో వారసత్వ కట్టడం. అద్దె ఇంట్లో ఒకే గదిలో వంటా పడకా చూసుకునే సంసారాలకు ఆ నేల పాఠం ఎంత పనికొస్తుందో ఆలోచించండి.

6. ఒకే నేల రంగు వంద బొమ్మలను కలుపుతుంది

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం. లేపాక్షి వీరభద్రస్వామి గుడిలో నేర్చుకున్నాను. విజయనగర రాజుల కాలం, 16వ శతాబ్దం. మెడ నొప్పి పుట్టేదాకా తలెత్తి చూడాల్సిన పైకప్పు చిత్రాలు. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, చీరల అంచులు దిద్దినట్టున్న ఆడవాళ్ల వరసలు. బొమ్మల వెనక చాలాచోట్ల జేగురు ఎరుపు పరిచారు. నీడల్లేవు. దూరం చూపించే ప్రయత్నం లేదు. ముఖాలు ఎక్కువగా పక్కకు తిరిగి ఉంటాయి, చుట్టూ నల్లగీత.

ఆ వెనక ఎరుపు ఏం చేస్తోందో చూడాలి. అందరినీ ఒకే దూరంలోకి తెస్తోంది. ఎవరూ వెనక్కి పోరు, ముందుకు రారు. కథ పక్కకు నడుస్తుంది, మనం కూడా దాని కింద నడుస్తాం. అదే చోట ఆకాశ నీలం వేసి ఉంటే కప్పుకు కన్నం పడినట్టుండేది. యూరప్ చర్చిల్లో చాలామంది చిత్రకారులు కప్పును ఆకాశంగా తెరవాలనే చూశారు, గొప్పగా చేశారు కూడా. లేపాక్షి చిత్రకారుడు కప్పును కప్పుగానే ఉంచి, పందిట్లో కట్టిన చాందినీలా మన తలల మీదికి దింపాడు. నల్లరాతి స్తంభాల మధ్య అంత బరువైన కట్టడం తేలికపడింది ఆ రంగు వల్లే.

సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ చిత్రకారులు కూడా ఎరుపునే పరుస్తారు. ఖాదీ గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద పట్టించి గట్టిపరిచి, దాని మీద కులపురాణాల కథలు వరసలు వరసలుగా వేస్తారు. ఆ కళకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కథకుడు పటం విప్పుతూ పాడుతుంటే ఊరంతా ఎదుట కూర్చుంటుంది. ఎక్కడో చివరన కూర్చున్న ముసలమ్మకు కూడా పసుపు ముఖం, నీలి ముఖం విడివిడిగా ఆనాలి. ఖాళీలన్నీ ఎరుపుతో నిండితేనే అది సాధ్యం. ఖాళీగా తెల్లగుడ్డ వదిలితే బొమ్మలు చెల్లాచెదురవుతాయి.

ఇదే ఎత్తును ఇంకో దారిలో ఎత్తినవాడు ఫ్రాన్స్ చిత్రకారుడు హెన్రీ మాతీస్. 1911లో తన పనిగదిని బొమ్మ వేశాడు. ‘ఎర్ర స్టూడియో’ అంటారు దాన్ని. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. ఆరడుగుల ఎత్తు, ఏడడుగుల పైచిలుకు వెడల్పు. ముందు గోడలు నీలం, నేల గులాబీ, సామాను పచ్చిపసుపు వేసి, ఆ తర్వాత దాదాపు మొత్తాన్నీ ఒకే ఎరుపుతో కప్పేశాడు. దగ్గరికెళ్లి చూస్తే కుర్చీకీ బల్లకీ గడియారానికీ ఉన్న గీతలు పైన గీసినవి కావు. ఎరుపు వేసేటప్పుడు సన్నగా వదిలేసిన సందులు. ఆ సందుల్లోంచి అడుగు రంగు తొంగిచూస్తుంది. రెండు గోడలు కలిసే మూల ఎరుపులో మునిగిపోయింది. గోడ ఏదో నేల ఏదో తెలియదు. అయినా అది గదే. గోడలకు ఆనించిన అతని బొమ్మలు మాత్రం తమ రంగుల్లోనే ఉండి, ఆ ఎరుపులో తేలుతుంటాయి.

దీన్ని ఇంట్లోకి ఇలా తెచ్చుకోవచ్చు. ఎనిమిదడుగుల చిన్న గది ఉంటే, దాన్ని తెల్లగా చేసి పెద్దదని నమ్మించాలని చూడొద్దు. గోడ, ద్వారబంధం, తలుపు, అల్మరా, స్కర్టింగ్, అన్నిటికీ ఒకే ముదురు రంగు వేసెయ్యండి. అంచులన్నీ మాయమవుతాయి. ఎక్కడ గోడ మొదలైందో, ఎక్కడ అల్మరా ముగిసిందో కన్ను కొలవలేదు. అప్పుడు పుస్తకాలు, ఇత్తడి దీపం, గోడ మీది ఫొటో మాత్రమే కనిపిస్తాయి. చిన్న గదికి ఇంతకంటే మర్యాదైన ఏర్పాటు నాకు తెలియదు.

7. గోడను వదిలి గాలికి రంగు వెయ్యొచ్చు

మెక్సికో నగరంలో హిలార్డీ ఇల్లు ఉంది. వాస్తుశిల్పి లూయిస్ బరగాన్ డెబ్భై దాటిన వయసులో కట్టిన ఇల్లు, 1976లో పూర్తయింది. మనం సందుల్లో చూసే స్థలాల్లాంటి సన్నటి స్థలం. స్థలంలో ముందే ఉన్న జకరాండా చెట్టును కొట్టకుండా దాని చుట్టూ ఇల్లు తిప్పాడు. ముందు నుంచి వెనకున్న భోజనాల గదికి పోవడానికి ఒక పొడుగాటి నడవ. దాని గోడలు తెలుపే. ఒక పక్క వరసగా నిలువు చీలికలు, వాటి అద్దాలకు పసుపు రంగు. ఎండ ఆ అద్దాల్లోంచి వచ్చి నడవ మొత్తాన్ని పసుపుతో నింపుతుంది. గోడకు పసుపు వెయ్యలేదు, అయినా నడిచే మనిషి ఒంటి మీద కూడా పసుపు పడుతుంది.

నడవ చివర నీటి కొలను. అది భోజనాల గదిలోనే ఉంది. వెనక గోడ నీలం. నీళ్లలోంచి ఎర్రటి నిలువు పలక ఒకటి లేచి ఉంటుంది. అది కప్పును మోయడం లేదు. అది అక్కడ ఉండటం వల్ల పైనుంచి పడే ఎండ ఆగి, విరిగి, నీలం గోడ మీద ఎర్ర జాడ పరుస్తుంది. అది తీసేస్తే ఆ గదికి లోతు పోతుంది. పసుపు నడవలో కొంతసేపు నడిచిన కన్ను నీలం వైపు ఆకలిగా ఉంటుంది. కాబట్టి ఆ నీలం ఉన్నదానికంటే ఎక్కువ నీలంగా కనిపిస్తుంది. ఒక గది రంగు ఎంచేటప్పుడు దానికి ముందు గదిలో కన్ను ఏం తిన్నదో చూసుకోవాలని నేను ఇక్కడే నేర్చుకున్నాను. 1980లో బరగాన్‌కు ప్రిట్జ్‌కర్ అనే వాస్తుశిల్ప బహుమతి వచ్చింది. ఆయన ఇల్లు, పనిగది 2004 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి.

మన ఇళ్లలో దీన్ని చవగ్గా చెయ్యొచ్చు. వెలుతురు పడే కిటికీ పక్కన, లోపలికి తిరిగిన గోడ మందం తొమ్మిది అంగుళాలు ఉంటుంది కదా, ఆ మందానికి మాత్రం నారింజ రంగు వేసి, గది అంతా తెల్లగా ఉంచండి. పొద్దుటి ఎండ ఆ మందానికి తగిలి గదిలోకి తిరిగినప్పుడు గది వెచ్చబడుతుంది. రంగు ఎక్కడుందో వచ్చినవాళ్లకు చప్పున దొరకదు.

8. కప్పు, నేల

కప్పు ముదురైతే కిందికి దిగుతుంది, లేతైతే పైకి లేస్తుంది. గోడలు కూడా లేతైతే ఇంకాస్త లేస్తుంది. పది అడుగుల పైన ఎత్తున్న పాత మిద్దెల్లో పడకగది చలిగా, పరాయిగా అనిపిస్తే కప్పుకు వంకాయ రంగు వెయ్యడానికి జంకొద్దు. తొమ్మిదడుగుల ఫ్లాటులో ఆ పని వద్దు.

9. తెలుపుకు కూడా కూలి ఇవ్వాలి

గట్టి రంగు నిలబడాలంటే దాని చుట్టూ ఊపిరి పీల్చుకునే చోటు కావాలి. మన ఊళ్లలో సున్నంలో నీలిమందు కలిపి గోడకు కొట్టి, అడుగున మోకాలెత్తున జాజు పట్టీ వేసేవాళ్లు. గడపకు పసుపు, దాని మీద కుంకుమ బొట్లు. వాన చినుకులకు లేచే బురద మరకలు ఎర్ర పట్టీలో దాగేవి, సరే. అంతకుమించి ఆ పట్టీ ఇంటిని నేలకు కట్టేది. గడప పసుపు ఇంటికి లోపల, బయట అన్న హద్దు గీసేది. రెండు గజాల పసుపుతో ఇంటి హద్దు చెప్పడం కంటే పొదుపైన డిజైన్ ఏముంది? గుడి ప్రాకారాల మీద సున్నం, కావి చారలు కూడా అలాంటివే. రెండు మైళ్ల అవతలి నుంచి నడిచొచ్చేవాడికి పొలాల పచ్చ మధ్యలో అది గుడి అని ముందు చెప్పేది గోపురం కాదు, ఆ చారలు.

చండీగఢ్ హైకోర్టు ముందు వాస్తుశిల్పి లీ కార్బుజియే నిలబెట్టిన మూడు భారీ స్తంభాలు ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. చుట్టూ అంతా రంగు లేని కాంక్రీటు. ఆ బూడిద రంగు లేకపోతే ఆ మూడింటికీ అంత గొంతు వచ్చేది కాదు. మన చిత్రకారుడు తోట వైకుంఠం బొమ్మల్లో తెలంగాణ ఆడవాళ్ల ఎరుపు, పసుపు చీరలు అంత నిండుగా ఉండటానికి కూడా ఇదే కారణం. వెనక పెద్దగా ఏమీ ఉండదు. మనిషే చోటునంతా ఆక్రమిస్తుంది. ‘దాసి’ సినిమాకు కళాదర్శకత్వం చేసి ఆయన జాతీయ అవార్డు అందుకున్నది ఈ చూపుతోనే.

10. ఎండకు ఓర్చే రంగును ఎండలో పెట్టు

పడమటి గోడ మీద మెరిసే గులాబీ, మెరిసే పసుపు వేస్తే కొన్ని వేసవుల్లో పాలిపోతాయి. జేగురు, కావి, ఇటుక రంగులు ఇనుప తుప్పు నుంచి వచ్చినవి. అవి ఎండకు వెరవవు. బయటి గోడలకు మట్టి రంగులు, నీడపట్టున మెరుపు రంగులు.

11. అరవై దాటిన కళ్లను కూడా లెక్కలోకి తీసుకో

వయసు పెరిగేకొద్దీ కంటి కటకం పసుపుబారుతుంది. నీలం లోపలికి రావడం తగ్గుతుంది. ముదురు నీలానికీ నలుపుకీ, లేత పసుపుకీ తెలుపుకీ తేడా తెలియదు. ఫ్రాన్స్ చిత్రకారుడు మోనేకు శుక్లాలు వచ్చాక ఆయన బొమ్మలు ఎరుపు, గోధుమ వైపు తిరిగాయి. 1923లో ఆపరేషన్ అయ్యాక ఆయనకు నీలం మళ్లీ కనిపించింది. నా కళ్లకు కూడా ఇప్పుడు నెమలికంఠం రంగు మునుపటిలా లేదు. పని చేసే చోట మనవరాలిని పక్కన పెట్టుకుని అడిగి తెలుసుకుంటున్నాను.

యువ డిజైనర్లకు ఈ పాఠం అందంలో భాగంగానే కనపడాలి. నిగనిగలాడే నల్ల గ్రానైట్ మెట్లు వేయించిన ఇంట్లో ముసలావిడ చివరి మెట్టు అయిపోయిందనుకుని అడుగు వేస్తుంది. మెట్లన్నీ ఆవిడ కంటికి ఒకే నల్లటి జారుడు. అక్కడ రంగు చేసే పని ప్రాణం కాపాడటం. ప్రతి మెట్టు ముందు అంచుకు, మెట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా, రెండంగుళాల వెడల్పున ముదురు పసుపు పట్టీ వెయ్యండి. జారని రకం పెయింటు తీసుకుని, గ్రానైట్ నునుపును ముందు గీరాలి, లేకపోతే పట్టీ పొరలుగా లేచిపోతుంది. మొదటి మెట్టు దగ్గరా చివరి మెట్టు దగ్గరా పక్క గోడ మీద కూడా అదే పసుపును మోకాలెత్తు దాకా తీసుకెళ్లండి. చేతిపట్టు కమ్మీకి గోడలో కలిసిపోని ఎరుపు. ఏటా సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు పట్టీలు అరిగిన మెట్లు చూసుకుని, ఆ మెట్లకు మళ్లీ ఒక కోటు.